చేరే ముందు ఒక సాయంత్రం గోడ పక్కన కూర్చుని చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. వయసు 31, ఉండేది కొండాపూర్, రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం, బరువు 86 కిలోలు. బడి రోజుల తర్వాత ఏ ఆటా ఆడలేదు, యూఎఫ్‌సీ (కొట్టడం, పడగొట్టడం, పట్టులు అన్నీ కలిపే ఎంఎంఏ పోటీలు) మాత్రం వదలకుండా చూస్తారు. ఇంటికి దగ్గర్లో మువాయ్ థాయ్ (కొట్టి, తన్ని పోరాడే థాయ్ విద్య), జియు-జిట్సు (కింద దొర్లుతూ పట్టులతో లొంగదీసే విద్య) రెండూ నేర్పే జిమ్ ఒకటి ఉంది. ఏడాది డబ్బు ఒకేసారి కడితే బాగా తగ్గిస్తామంటున్నారు. ముందు ఆరు నెలలు మామూలు జిమ్‌కి వెళ్లి ఒళ్లు తగ్గించుకుని అప్పుడు చేరాలా అని ఒక సందేహం. అందరి ముందూ నవ్వులపాలవుతానేమో అని ఇంకొకటి. "ఈ వయసులో కాళ్లూ చేతులూ విరగ్గొట్టుకోవడం అవసరమా" అని ఇంట్లో ఆవిడ అడిగారు, దానికి మీ దగ్గర జవాబు లేదు.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. 28 ఏళ్లప్పుడు మొదలుపెట్టాను, ఇప్పుడు 41. మొదటి రెండేళ్లు కిక్‌బాక్సింగ్, అప్పటినుంచి జియు-జిట్సు, ఇప్పుడు బ్రౌన్ బెల్ట్. పోటీల్లో సాధించిందేమీ లేదు. నాలుగేళ్లుగా వారానికి రెండు సాయంత్రాలు కొత్తవాళ్ల క్లాసులో మా కోచ్‌కి సాయంగా ఉంటున్నాను. మూడు వారాల్లో మాయమైనవాళ్లనీ, మూడేళ్లు నిలబడ్డవాళ్లనీ అక్కడే చూశాను. నేను చెప్పేదంతా ఆ అనుభవంతోనే.

చేరాలా వద్దా అంటే, చేరండి. ఇప్పుడే చేరండి. ఆ జిమ్‌లోనే చేరాలా అన్నది మాత్రం వేరే ప్రశ్న. అసలు కష్టమైన ప్రశ్న అదే, మీరు అడగనిదీ అదే.

ముందు ఫిట్ అవ్వాలన్న ఆలోచన సంగతి చూద్దాం. ఒడ్డున నిలబడి చేతులూపి ఈత నేర్చుకున్నట్టే ఉంటుంది అది. ఆరు నెలలు ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తి వచ్చిన మనిషి కూడా మొదటిరోజు మ్యాట్ మీద రెండు నిమిషాలకే రొప్పుతాడు. రోజూ పది కిలోమీటర్లు పరుగెత్తే కుర్రాడు మొదటి క్లాసులో గోడకి ఆనుకుని నోరు తెరిచి ఊపిరి పీల్చడం చూశాను. అక్కడ ఆయాసానికి సగం కారణం ఊపిరితిత్తులు కాదు. భయంతో ఊపిరి బిగబడతాం, పిడికిళ్లు బిగిస్తాం, అవసరం లేని చోట కూడా బలమంతా పెట్టేస్తాం. అది వదలాలంటే ఎవరో ఒకరు మీద కూర్చున్నప్పుడు వదలడం నేర్చుకోవాలి. ట్రెడ్‌మిల్ మీద కూర్చునేవాళ్లు ఎవరూ ఉండరు కదా.

మా తాతగారి ఊళ్లో తాలింఖానా ఉండేది. కొత్తగా వచ్చిన కుర్రాళ్లకి మొదట కొన్నాళ్లు దండీలు, బస్కీలు, గోదాలో మట్టి తవ్వడం, ఇంతే పని. కుస్తీ ఆ తర్వాతే. ఒళ్లు గట్టిపడ్డాకే గోదాలో దిగాలన్న మాట మనలో అక్కడినుంచే మిగిలిందేమో. కానీ గమనించండి, ఆ దండీలూ బస్కీలూ తాలింఖానా లోపలే తీయించేవారు. ఇంటి దగ్గర తీసుకుని రమ్మనలేదు.

ఒక మినహాయింపు ఉంది. బీపీకో షుగరుకో మందులు వాడుతున్నా, నడుములో డిస్క్ సమస్య ఉన్నా, మోకాలికి పాత దెబ్బ ఉన్నా, మెట్లెక్కితే గుండెలో పట్టేసినట్టు ఉన్నా ముందు డాక్టరుని కలవండి. అవేమీ లేకపోతే 86 కిలోలు అడ్డం కాదు. నిజానికి ఆ బరువు మీకంటే మీ ఎదుటివాళ్లకే ఎక్కువ టెన్షన్. ఎందుకో కిందికి వస్తే చెబుతాను.

ఇప్పుడు ఆ జిమ్ సంగతి. డబ్బు గురించి మాట్లాడకముందే వాళ్లని ఒక్కటి అడగండి: "కొత్తవాళ్ల క్లాసు ఏ టైములో ఉంటుంది? ఒకరోజు కూర్చుని చూడొచ్చా?" కాదన్నారంటే మీ పని సులువైంది, బండి స్టార్ట్ చేసుకుని వెనక్కి వచ్చేయండి. సరే అంటే గంటన్నర గోడ పక్కన కూర్చోండి. ఫోన్ జేబులో పెట్టేయండి. బాగా ఆడేవాళ్లని చూడకండి, వాళ్లు ఎక్కడైనా బాగానే ఆడతారు. ఆ గదిలో అందరికంటే కొత్తవాడు ఎవరో, అందరికంటే బలహీనంగా ఎవరున్నారో పట్టుకోండి. గంటన్నరా వాళ్లనే చూడండి.

ఇది నాకు దెబ్బ తిన్నాక తెలిసింది. నా మొదటి జిమ్‌లో రెండోవారమే నాకు గ్లవ్స్ తొడిగి రింగులోకి తోశారు. ఎదురుగా మూడేళ్ల అనుభవం ఉన్నవాడు, నాకంటే పదిహేను కిలోలు ఎక్కువ. చేతులు పైకి పెట్టుకోవాలని తప్ప నాకేమీ తెలియదు. కోచ్ తాళ్ల మీద మోచేతులు ఆనించి ఫోన్ మాట్లాడుకుంటున్నాడు. ఎడమ కణత మీద ఒక దెబ్బ పడింది. కింద పడలేదు, కానీ ఆ రాత్రి భోజనం చేసిన కాసేపటికి వాంతయింది, రెండు రోజులు తలనొప్పి. మూడోరోజు మళ్లీ వెళ్లాను. ఎందుకంటే, రాకపోతే పిరికివాడు అనుకుంటారని. అప్పుడు చేసిన తప్పుల్లో అదే పెద్దది. తలకి దెబ్బ తగిలాక వాంతి అయిందంటే పరుగెత్తాల్సింది ఆసుపత్రికి. పూర్తిగా తగ్గేదాకా ఇంకో దెబ్బ పడకూడదు. అది చెప్పేవాళ్లు కూడా అక్కడ లేరు. నాతోపాటు ఆ నెలలో ఎనిమిది మంది చేరారు, దసరా వచ్చేసరికి ఇద్దరం మిగిలాం. "మనదగ్గర గట్టివాళ్లే నిలబడతారు" అని ఆ కోచ్ గర్వంగా చెప్పేవాడు. నేనూ తలూపేవాణ్ని. ఎనిమిదిలో ఆరుగురిని పోగొట్టుకున్నాడంటే అతనికి నేర్పడం రాదని అర్థం, అంతే. అది నాకు తట్టడానికి రెండేళ్లు పట్టింది.

తర్వాత వెళ్లిన చోట మొదటిరోజే ఇంజనీరింగ్ చదివే ఒకమ్మాయితో జత కట్టించారు. యాభై అయిదు కిలోలు ఉంటుందేమో. రెండేళ్ల కిక్‌బాక్సింగ్ గర్వం నాలో ఇంకా ఉంది. నిమిషం లోపలే నా మెడ ఆ అమ్మాయి చేతుల మధ్య ఉంది. పట్టు పూర్తిగా బిగించకుండా ఆగి, "అన్నా, ఇక్కడ తట్టాలి" అంది. తట్టడమంటే ట్యాప్: ఎదుటివాళ్ల ఒంటి మీదో నేల మీదో అరచేత్తో రెండుమూడు సార్లు కొట్టడం. అలా కొట్టగానే ఎంత పట్టు ఉన్నా వదిలేయాలి, మారుమాట లేదు. ఆ ఐదు నిమిషాల్లో కోచ్ చూపు ఒక్కసారి కూడా మా మీదనుంచి పోలేదు. నేను బలం కొద్దీ తోస్తుంటే దూరంనుంచే, "సర్, ఊపిరి వదలండి. ఆమె ఎక్కడికీ పోదు" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వులపాలవుతానేమో అన్నారు కదా, అయ్యేది ఇంతవరకే. నిజం చెప్పాలంటే కొత్తవాడు తడబడితే ఎవరూ పట్టించుకోరు, ఎవరి ఆయాసం వాళ్లది.

కాబట్టి గోడ పక్కన కూర్చున్నప్పుడు కోచ్ కళ్లు ఎటు తిరుగుతున్నాయో చూడండి. కొత్తవాడిని ఎవరితో జత కడుతున్నారో చూడండి, ఇంకో కొత్తవాడితోనా, నిదానం తెలిసిన పాతవాడితోనా. ట్యాప్ చేసిన మరుక్షణం పట్టు వదులుతున్నారా, ఒక అర సెకను ఆపి వదులుతున్నారా? ఆ అర సెకను మామూలు విషయం కాదు. మోచేతి పట్టులో నొప్పి తెలిసేదానికీ కీలు పోయేదానికీ మధ్య పెద్ద దూరం ఉండదు. మడమ తిప్పే పట్టు ఒకటి ఉంది, హీల్ హుక్ అంటారు. దాంట్లో మోకాలికి నొప్పి తెలిసేసరికే లోపల లిగమెంట్ తెగిపోయి ఉండొచ్చు. అందుకే జియు-జిట్సు పెద్ద పోటీలు నడిపే ఐబీజేజేఎఫ్ కూడా దాన్ని గీ (సాధనలో వేసుకునే మందపాటి కోటూ ప్యాంటూ) లేని పోటీల్లో పెద్దవాళ్లకి, అదీ బ్రౌన్, బ్లాక్ బెల్టుల వాళ్లకే 2021లో ఒప్పుకుంది. తెల్ల బెల్టువాళ్లు దాన్ని సరదాగా లాగుతూ కనిపిస్తే ఆ జిమ్ వద్దు.

క్లాసు అయిపోయాక వెంటనే లేవకండి. మీరు గంటన్నర చూసిన ఆ కొత్త మనిషి ఎలా బయటికి వెళ్తున్నాడో చూడండి. చెమటతో తడిసి, నీళ్లు తాగుతూ పక్కవాడిని ఏదో అడుగుతున్నాడా? లేక బూట్లు తొడుక్కుని ఎవరితోనూ మాట్లాడకుండా లిఫ్ట్ దగ్గరికి వెళ్లిపోతున్నాడా? వీలైతే కిందికి వెళ్లి టీ కొట్టు దగ్గర ఆయన్నే అడగండి. గోడ మీద ఫొటోలూ కప్పులూ చెప్పని సంగతి ఆయన చెబుతాడు.

ఏ విద్య మంచిది అన్న చర్చ మీకు ఇప్పుడు అనవసరం. అయినా అడుగుతారని తెలుసు కాబట్టి నా అభిప్రాయం చెబుతాను. వీధి చివర స్కూల్ గ్రౌండులో ఆదివారం పూట జరిగే కరాటే, తైక్వాండో క్లాసులు చాలావరకు పిల్లల కోసం. వాటిలో మంచి మాస్టర్లు ఉన్నారు, ఆ మాట కాదనను. మూడు నెలలకొక బెల్టు, బెల్టుకొక ఫీజు అన్న లెక్కే కనిపిస్తే జాగ్రత్త. జియు-జిట్సులో తెలుపు, నీలం, ఊదా, బ్రౌన్, నలుపు వరుస. నలుపుకి మామూలుగా సుమారు పదేళ్లు పడుతుంది, పందొమ్మిదేళ్లు రాకుండా ఐబీజేజేఎఫ్ లెక్కలో అసలు రాదు. మీ పక్కింటి తొమ్మిదేళ్ల బాబుది బ్లాక్ బెల్ట్ అంటే అది వేరే లెక్క.

జూడో దొరికితే అదృష్టం. మొదటి వారాలన్నీ కింద పడటమే నేర్పుతారు, చెయ్యి నేలకి కొట్టి, గడ్డం ఛాతీకి ఆనించి, తల తగలకుండా. నాకు నిజజీవితంలో ఇప్పటిదాకా పనికొచ్చిన ఒకే ఒక్క యుద్ధవిద్య అదే. వానాకాలంలో అపార్ట్‌మెంట్ మెట్ల మీద కాలు జారినప్పుడు తల కాపాడింది. 1882లో జూడోని మొదలుపెట్టిన జిగోరో కానో చిన్నప్పుడు పొట్టిగా, బక్కగా ఉండి బడిలో దెబ్బలు తిన్న మనిషే. అందుకే కాబోలు ఆ విద్యలో పడేవాడి గురించి అంత ఆలోచన ఉంది.

బాక్సింగ్ అంటే మనకి నిజామాబాద్ ఉంది. నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది. అదే ఊరి హుసాముద్దీన్ 2023లో తాష్కెంట్‌లో కాంస్యం తెచ్చాడు. అయితే వాళ్లది పోటీల దారి. చిన్నతనంలో మొదలుపెట్టి, రోజుకి రెండు పూటలా సాధన చేసే దారి అది. నిఖత్ భుజానికి 2017లో ఆపరేషన్ అయింది. హుసాముద్దీన్ మోకాలి దెబ్బతో సెమీఫైనల్లో దిగలేకపోయాడు. వాళ్లు అలాంటి దెబ్బలు ఓర్చుకోవడంలో అర్థం ఉంది. సోమవారం పొద్దున స్టాండప్ మీటింగ్ ఉన్న మీకూ నాకూ లేదు. ఈ తేడా తెలిసిన కోచ్ మంచి కోచ్.

ఇక మీ దగ్గర్లో ఉన్న రెండు. మువాయ్ థాయ్‌లో పిడికిళ్లు, మోచేతులు, మోకాళ్లు, ముంగాళ్లు అన్నీ వాడతారు. ఎదుటివాళ్లు పట్టుకునే ప్యాడ్స్ మీద కొడుతుంటే ఆఫీసు చిరాకంతా పోతుంది, బరువూ బాగా తగ్గుతుంది. ప్యాడ్స్, బ్యాగ్, నిదానంగా తాకినట్టు ఆడే స్పారింగ్ (జతగా చేసే సాధన పోరు), ఇంతవరకు ఎన్నేళ్లైనా చేయొచ్చు. తల మీద గట్టిగా కొట్టుకునే స్పారింగ్ మాత్రం మీకు వద్దని నా గట్టి అభిప్రాయం. ఒప్పుకోనివాళ్లు చాలామంది ఉన్నారు, "దెబ్బ తినకుండా పోరాటం ఏం వస్తుంది" అంటారు. పోటీకి దిగేవాడికి ఆ మాట సరిపోతుంది. మెదడుతో జీతం తెచ్చుకునేవాడు వారానికి రెండుసార్లు మెదడుని ఎందుకు కుదిపించుకోవాలో నాకు ఎవరూ చెప్పలేకపోయారు.

జియు-జిట్సులో తల మీద దెబ్బలు ఉండవు కాబట్టి అలవాటయ్యాక పూర్తి బలంతో కూడా ఆడొచ్చు. బదులుగా వేళ్లు, పక్కటెముకలు, మోకాళ్లు, మెడ దెబ్బతింటుంటాయి. కొందరికి చెవులు ఉబ్బి గట్టిపడి కాలీఫ్లవర్ చెవులవుతాయి, నా ఎడమ చెవి అలాంటిదే. ఒంటి మీద ఇంకొకరి బరువు, ముఖం మీద ఇంకొకరి చెమట పడటం మొదట ఇబ్బందిగా ఉంటుంది. అది కొందరికి ఎప్పటికీ నచ్చదు, అందులో తప్పేమీ లేదు. రెంటికీ తలా ఒక ట్రయల్ క్లాసుకి వెళ్లండి. ఇంటికొచ్చి స్నానం చేశాక మళ్లీ దేనికి వెళ్లాలనిపిస్తుందో దాంట్లో చేరండి. ఎంఎంఏ క్లాసుతో మాత్రం మొదలుపెట్టకండి. ఒక్కటీ రాకుండా కొట్టడం, పడగొట్టడం, పట్టులు మూడూ కలిపి నేర్చుకోవడం అయ్యే పని కాదు.

ఇప్పుడు మీ 86 కిలోల సంగతి. జిమ్‌లో అందరికంటే ప్రమాదకరమైన మనిషి ఎవరో తెలుసా? కోచ్ కాదు, కప్పులు గెలిచినవాడు కాదు. బలంగా, బరువుగా, కంగారుగా ఉన్న కొత్తవాడు. తన చెయ్యి ఎటు పోతోందో అతనికే తెలియదు. నా పక్కటెముక చిట్లింది ఒక కొత్తాయన మోకాలు వల్లే. పాపం ఆయన తప్పించుకోవాలని చూశాడు, నేను మధ్యలో ఉన్నాను. ఆరు వారాలు దగ్గినా తుమ్మినా నరకం కనిపించింది. మొదటి నెల మీరు చేయాల్సింది ఒక్కటే: గెలవాలని చూడకండి, సగం వేగంతో ఆడండి, ముందుగానే ట్యాప్ చేయండి. నొప్పి పుట్టాక కాదు, ఇక తప్పించుకోలేను అని తెలియగానే. అలా ఆడే కొత్తవాళ్లతో ఆడటానికి పాతవాళ్లంతా ఇష్టపడతారు, అడగకుండానే నేర్పుతారు. బిగదీసుకుని ఆడేవాడిని తప్పించుకు తిరుగుతారు. అప్పుడతను "ఇక్కడెవరూ నేర్పరు" అని మానేస్తాడు.

మొదటి నెల వారానికి రెండు రోజులు చాలు. మూడోరోజు వెళ్లాలనిపిస్తుంది, ఆపుకోండి. మొదటి క్లాసు తర్వాత రెండోరోజే ఎక్కువ నొప్పి ఉంటుంది, మెట్లు దిగుతుంటే తొడలు ఏడుస్తాయి. అది మామూలే. మామూలు కానిది ఒకటి ఉంది: కండరాలు బాగా వాచిపోయి, మూత్రం కోలా రంగులో వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. అలవాటు లేని ఒంటితో ఒకేరోజు వందల కొద్దీ బస్కీలు తీయిస్తే కండరం చితికి, దాన్నుంచి వచ్చే పదార్థం కిడ్నీల మీద పడుతుంది. కొత్తవాళ్లని మొదటిరోజే వాంతి అయ్యేదాకా తోమడం గొప్ప అనుకునే కోచ్‌లు ఇంకా ఉన్నారు. మధ్యలో ఆగి కూర్చునే హక్కు మీకుంది. ఎండాకాలంలో, ఏసీ లేని హాల్లో అయితే మరీ. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఒకటి బ్యాగులో పడేసుకోండి. అన్నట్టు, క్లాసుకి రెండు గంటల ముందు బిర్యానీ వద్దు. ఇది నేను ఎలా తెలుసుకున్నానో అడగకండి.

దెబ్బలతో పాటు చాలామందిని ఇంట్లో కూర్చోబెట్టేది చర్మం. తామర. మ్యాట్ మీద ఒకరికి ఉంటే వారంలో నలుగురికి. మందుల షాపులో అడిగితే ఇచ్చే కలగలుపు క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన రెండు రోజులకే దురద తగ్గుతుంది, తామర మాత్రం పాకుతూనే ఉంటుంది, ఆ తర్వాత అసలు మందులకి కూడా త్వరగా లొంగదు. నేను అదే పని చేసి, చివరికి చర్మం డాక్టరు దగ్గర మూడు నెలలు తిరిగాను. మచ్చ కనబడగానే డాక్టరుకి చూపించండి, పూర్తిగా తగ్గేదాకా మ్యాట్ ఎక్కకండి. క్లాసు అవగానే స్నానం. బట్టలు అదే రాత్రి ఉతకాలి, తడివి బ్యాగులో మర్చిపోతే పొద్దున ఇల్లంతా తెలుస్తుంది. గోళ్లు తీసుకోవాలి. జిమ్‌ని చూడ్డానికి వెళ్లినప్పుడు ఇదీ గమనించండి: మ్యాట్లు రోజూ తుడుస్తున్నారా, జనం బాత్రూంకి చెప్పులేసుకుని వెళ్తున్నారా, ఒట్టి కాళ్లతో వెళ్లి అవే కాళ్లతో మ్యాట్ ఎక్కుతున్నారా? ఎక్కుతుంటే ఇంకేమీ చూడక్కర్లేదు.

మీ ఆవిడ అడిగిన ప్రశ్న న్యాయమైనది. "ఏమీ కాదులే" అనకండి, అవుతుంది. పదమూడేళ్లలో నాకు ఒక పక్కటెముక, రెండు వేళ్లు, నెలన్నర పాటు వాచిన మోకాలు. కుదిరితే గోడ పక్కన కూర్చునే రోజు ఆవిణ్ని కూడా తీసుకెళ్లండి. ఆవిడ ఊహించుకుంటున్నది యూఎఫ్‌సీ రక్తం. అక్కడ కనిపించేది చెమటలో నవ్వుకుంటూ దొర్లే మామూలు మనుషులు. ఆవిడకి నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో వినండి, మీరు ముచ్చటపడి వదిలేసింది ఆవిడ కంటపడి ఉండొచ్చు. పనిలో పనిగా మీ ఆరోగ్య బీమా కాగితం ఒకసారి చదవండి. సాహస క్రీడల మినహాయింపు మామూలుగా వృత్తిగా ఆడేవాళ్ల గురించి ఉంటుంది. అయినా మీ పాలసీలో ఏం రాశారో చూసుకోవాలి. ఫిజియోథెరపీ ఖర్చు చాలా పాలసీల్లో రాదు, అది జేబులోంచే.

ఆత్మరక్షణ కోసం అనుకుంటుంటే ఒక మాట. కత్తి చూపించి ఫోన్ అడిగితే ఫోన్ ఇచ్చేయండి. ఎన్నేళ్లు నేర్చుకున్నా నేను చేసేది అదే. విద్య వల్ల వచ్చే మార్పు ఏమిటంటే, పార్కింగ్ దగ్గర ఎవడో నోరు పారేసుకుంటే మీకు కోపం రావడం తగ్గుతుంది. చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. కాపాడుకోవడానికి అవసరమైనంత వరకే ఆ హక్కు. కిందపడ్డవాణ్ని ఇంకో రెండు తన్నితే మీరు ముద్దాయి.

ఇక ఏడాది ప్యాకేజీ. ఉదాహరణకి నెలకి 5,000, ఏడాదికి ఒకేసారి కడితే 36,000 అనుకుందాం. చూడ్డానికి 24,000 మిగులు. రెండు నెలలకే మానేస్తే మాత్రం మీకు నెలకి 18,000 పడినట్టు. ఏడు నెలలు దాటి వెళ్తేనే ఆ ప్యాకేజీ లాభం, కొత్తవాళ్లలో అంతకాలం నిలిచేది కొందరే. కాబట్టి ఒక్క నెలకే కట్టండి. నెలయ్యాక ఇంకో నెల. మూడో నెలలో కూడా వెళ్తున్నారంటే అప్పుడు మూడు నెలలదో ఆరు నెలలదో తీసుకోండి. దెబ్బ తగిలితేనో ఆఫీసు పనిమీద ఊరెళ్తేనో రోజులు కలుపుతారా, డబ్బు వెనక్కిస్తారా అన్నది నోటిమాటగా కాదు, రసీదు మీద రాయించుకోండి. సంతకం పెట్టమని ఇచ్చే కాగితం చదివే సంతకం పెట్టండి.

దూరం కూడా డబ్బు లాంటిదే. ఇదివరకు నేను కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి సాయంత్రం ఏడింటి క్లాసుకి వెళ్లేవాణ్ని. వాన పడిన ప్రతి రోజూ ఫోరం మాల్ దగ్గరే నా వార్మప్ అయిపోయేది. పావుగంటలో చేరే ఓ మోస్తరు జిమ్, గంటలో చేరే గొప్ప జిమ్ కంటే మేలు. ఓ మోస్తరు అన్నాను, చెడ్డది అనలేదు.

ట్రయల్ క్లాసుకి జిప్పులూ జేబులూ లేని నిక్కరు, ఒంటికి పట్టి ఉండే టీషర్టు, తువాలు, నీళ్లు, చెప్పులు. ఉంగరం, మెడలో గొలుసు, మొలతాడు ఉంటే తీసేసి వెళ్లండి. గ్లవ్స్, గీ అప్పుడే కొనకండి, మొదటివారాలకి జిమ్ వాళ్లవి సరిపోతాయి. మువాయ్ థాయ్ వైపు వెళ్తే ముందుగా కొనాల్సింది 180 అంగుళాల హ్యాండ్ ర్యాప్స్, వేడినీళ్లలో ముంచి పళ్లకి అచ్చు తీసుకునే మౌత్‌గార్డ్. ఈ రెండూ ఇంకొకరివి వాడేవి కావు. స్పారింగ్ దాకా వచ్చాక మీ బరువుకి 16 ఔన్సుల గ్లవ్స్ తీసుకోండి.

"ఈ రోజే ఆఖరు" అన్న ఆ తగ్గింపు కోసం తొందరపడకండి. మా వీధి చివరి జిమ్ ముందు అలాంటి బ్యానరే ఒకటి రెండేళ్లుగా వేలాడుతోంది, ఎండకి రంగు కూడా పోయింది.